బంతి నడిచిన దారి – 9: హబీబ్ పాఠం ఎవరి పిల్లలకు దక్కింది?

మెహదీపట్నం నుంచి లక్డీకాపుల్ వైపు వచ్చే సిటీ బస్సులో కండక్టర్ రోజుకి ఎన్నిసార్లు మాసబ్ ట్యాంక్ అని కేకేస్తాడో లెక్కలేదు. దిగినవాళ్లకి అక్కడ చెరువు మాత్రం కనిపించదు. కుతుబ్‌షాహీల కాలంలో రాజమాతను జనం మా సాహెబా అని పిలిచేవారు. ఆమె పేరు మీద చెరువుకు ఆ పేరు వచ్చింది, తరాల నోళ్లలో నలిగి మాసబ్ అయింది. నీళ్లు పోయాయి, చాచా నెహ్రూ పార్కు వచ్చింది, పేరొక్కటి మిగిలింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు సరిగ్గా ఇలాగే చెబుతారు: ఒకప్పుడు నిండుగా ఉండేది, ఎండిపోయింది. కానీ చెరువు ఎండటంలో రెండు రకాలున్నాయని తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన పడక, వాగు రాక ఎండటం ఒకటి. తూము మూసే నాథుడు లేక, ఉన్న నీళ్లన్నీ దిగువకు పారిపోయి ఎండటం ఇంకొకటి. మన ఫుట్‌బాల్‌ది రెండో రకం అన్నది ఈ భాగంలో నా వాదన. ఈ నగరం ఆటగాళ్లను కనడం మానలేదు. ఆడటం అయిపోయాక వాళ్లను గురువులుగా తిరిగి తెచ్చుకోవడం మాత్రం ఎన్నడూ నేర్చుకోలేదు. ఇందుకు మహమ్మద్ హబీబ్ జీవితాన్ని మించిన సాక్ష్యం నాకు దొరకలేదు.

గత భాగాల్లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి వివరంగా చదివారు కాబట్టి ఇక్కడ కావలసినంతే గుర్తుచేస్తాను. బడిపంతులుగా పనిచేసిన ఆ మనిషి 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరుసగా ఐదుసార్లు హైదరాబాద్‌కే వచ్చింది. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచిందీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందీ ఆయన చేతి కిందే. అయితే కప్పుల కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆయన నగరంలో పిల్లలకు పెట్టిన పోటీలు. ఒక దాంట్లో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని డ్రిబుల్ చేయకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకొకదాంట్లో వాటంలేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటమున్న పిల్లవాడు ఎదురుగా గోలు ఖాళీగా కనిపిస్తున్నా కుడికాలు ఎత్తకుండా ఆగాలి, ఒళ్లంతా తిప్పుకుని, అడుగు మార్చుకుని, తన మాట వినని ఎడమకాలితో బంతిని తన్నాలి. మొదట్లో పదిసార్లు పక్కకు పోతుంది, పదకొండోసారి వెళ్లాల్సిన చోటికి వెళుతుంది. ఈ పోటీకి పెట్టుబడి ఒక్క బంతి, ఒక్క నియమం. అంత చవకైన పాఠం, అంత లోతైన పాఠం అప్పటి మన దేశంలో ఇంకొకరు చెప్పినట్టు కనబడదు. చెరువు అలా నిండింది.

1963 జూన్ 11న క్యాన్సర్‌తో రహీమ్ కన్నుమూశారు. 1949లో పుట్టిన హబీబ్‌కి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఇల్లంతా ఆటే. ఆజమ్, మొయిన్, ఫరీద్, అక్బర్, జాఫర్ అనే అన్నదమ్ములందరూ బంతి పట్టినవాళ్లే. తమ్ముడు అక్బర్ 1976 కలకత్తా లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టి మోహన్ బగాన్ అభిమానులకు ఇప్పటికీ గుర్తుండిపోయాడు. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ని ఓడించి, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ మరుసటి ఏడాదే హబీబ్ కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ చొక్కా తొడిగారు. అప్పటికి ఇంకా పదిహేడేళ్ల కుర్రవాడు. అక్కడి నుంచి పద్దెనిమిదేళ్లపాటు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈ మూడింటి మధ్యే ఆయన ఆట సాగింది. పొడగరి కాదు, బలాఢ్యుడు కాదు. కానీ బంతి పోయిన చోట ఆగిపోయే ఫార్వర్డ్ కాదు. పోగొట్టుకున్న బంతి కోసం వెనక్కి పరిగెత్తి, తన సొంత హాఫ్‌లో దాన్ని లాక్కుని, మళ్లీ పైకి తీసుకెళ్లే రకం. కలకత్తా ఆయన్ని బడే మియా అని పిలుచుకుంది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచినప్పుడు జట్టు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, ముందు వరసలో హైదరాబాదీ హబీబ్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత ఇంతవరకూ పతకం లేదు. 1977 సెప్టెంబర్ 24న పెలేతో కలిసి న్యూయార్క్ కాస్మోస్ ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఇంకొకటి హబీబ్‌ది.

ఇక్కడ ఒక సంగతి మీద కాస్త ఆగాలి. హబీబ్ ఆట పదునెక్కిన రోజుల్లో, అంటే 1972 తర్వాత ఈస్ట్ బెంగాల్‌లోనూ 1976 నుంచి మోహన్ బగాన్‌లోనూ, ఆయనకు కోచ్ పి.కె. బెనర్జీ. ఆ బెనర్జీ ఎవరు? 1956 మెల్‌బోర్న్‌లో, 1962 జకార్తాలో రహీమ్ కింద ఆడిన ఫార్వర్డ్, రహీమే తన గురువని జీవితాంతం చెప్పుకున్నవాడు. హైదరాబాద్ మైదానాల్లో పుట్టిన పాఠం బెనర్జీ వెంట బెంగాల్ చేరింది. ఆ పాఠం కోసం హైదరాబాద్ కుర్రవాడు పదిహేను వందల కిలోమీటర్లు రైల్లో వెళ్లి, కలకత్తా మైదాన్‌లో నేర్చుకోవలసి వచ్చింది. ప్రతిభ తగ్గిపోయి ఉంటే ఈ ప్రయాణమే జరిగేది కాదు. గురువు పోయిన మూడేళ్లకే ఆ గురువు చదువు సొంతూళ్లో దొరకకుండా పోయింది. నేను చెబుతున్న తూము ఇదే.

ఎందుకిలా జరిగింది? హైదరాబాద్ ఫుట్‌బాల్ మొత్తం ఉద్యోగం మీద నిలబడింది. మంచి ఆటగాడికి పోలీసు శాఖలో కొలువు దొరుకుతుంది, నెలనెలా జీతం వస్తుంది, ఆడినన్నాళ్లు ఆడతాడు, తర్వాత డ్యూటీ చేస్తాడు, పింఛను తీసుకుంటాడు. పేదింటి పిల్లలకు ఇది చిన్న వరం కాదు. కానీ ఈ ఏర్పాటులో ఆట ఉద్యోగానికి తోక. ఆట ఆగిన రోజున ఆ మనిషిలో పోగుపడిన తెలివికి జీతమిచ్చే పద్దు ఏదీ లేదు. హబీబ్ దీన్ని ముందే గ్రహించారో లేదో చెప్పలేం గాని, చేసింది మాత్రం అందుకు విరుద్ధం. ఆయన తోటివాళ్లు బ్యాంకుల్లో, రైల్వేల్లో కుర్చీలు చూసుకుంటుంటే వచ్చిన ఉద్యోగాలను కాదని ఆటే తన వృత్తి అన్నారు. కలకత్తా ఫుట్‌బాల్ కాగితం మీద అప్పటికి ఔత్సాహికుల ఆటే. జాతీయ లీగ్ రావడానికి 1996 దాకా ఆగాలి. అంతకు ముప్పై ఏళ్ల ముందే ఒక హైదరాబాదీ తన కాళ్లనూ తన పగలూ రాత్రినీ ఆట మీదే పెట్టారు. దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ అని ఆయన్ని అనడం ఇందుకే. అలా బతికే అవకాశం ఇచ్చిన నగరం కలకత్తా. మన నగరం కాదు.

దీనికి పక్కన పెట్టి చూడటానికి హాలండ్‌ను ఎంచుకుంటున్నాను. కారణముంది. 1948 లండన్ ఒలింపిక్స్ ముగిశాక భారత జట్టు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి అయాక్స్ క్లబ్‌ని 5-1తో ఓడించింది. ఆ జట్టులో చాలామంది కాళ్లకు బూట్లు కూడా లేవు. అంటే యాభయ్యో దశకం మొదట్లో డచ్ ఫుట్‌బాల్ మనకు అందనంత ఎత్తులో ఏమీ లేదు. వాళ్లకీ మనలాగే పట్టింపు ఉండేది: డబ్బు పుచ్చుకుని ఆడటం తప్పు. ఫాస్ విల్కెస్ అనే గొప్ప ఫార్వర్డ్ 1949లో ఇటలీ వెళ్లి ఇంటర్ మిలాన్‌లో చేరితే జాతీయ జట్టు తలుపులు ఆయనకు కొన్నేళ్లు మూసేశారు. 1953 ఫిబ్రవరి 1న సముద్రం కట్టలు తెంచుకుని ఆ దేశంలో 1,836 మందిని పొట్టన పెట్టుకుంది. 1908 మూసీ వరదను తాతల నోట విన్న మనకు ఆ దుఃఖం వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు విదేశాల్లో ఆడుతున్న డచ్ ప్రొఫెషనల్స్ మార్చి 12న పారిస్‌లో కలిసి, వరద బాధితుల కోసం ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో గెలిచారు. మన బిడ్డలు ఇంత బాగా ఆడతారా, వీళ్లనేనా బయటికి తోసేసింది అని ఊళ్లో వాళ్లకు అప్పుడు అనిపించింది. 1954లో జీతమిచ్చి ఆడించడానికి ఒప్పుకున్నారు. సరిగ్గా అదే ఏడాది సిటీ పోలీస్ ఐదో రోవర్స్ కప్పు ఇంటికి తెచ్చింది. రెండు ఊళ్ల దారులు అక్కడ చీలాయని నేను అనుకుంటాను.

ఆ చీలిక ఫలితం ఒక మనిషిలో కనిపిస్తుంది. రినుస్ మిఖెల్స్ 1946లో అయాక్స్ తరఫున మొదటి ఆటలోనే ఐదు గోల్స్ కొట్టిన సెంటర్ ఫార్వర్డ్. వెన్నునొప్పితో 1958లో ఆట మానేదాకా ఇంకో క్లబ్ చొక్కా వేయలేదు. చెవుడున్న పిల్లల బడిలో వ్యాయామం నేర్పాడు. రహీమ్ కూడా బడిపంతులేనని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మాటతో పని లేకుండా ఒళ్లు కదిపి చెప్పడం అక్కడే అబ్బి ఉంటుందని నా ఊహ. 1965 జనవరిలో అదే అయాక్స్‌కి కోచ్‌గా తిరిగొచ్చాడు. అప్పుడు జట్టు పట్టికలో కింది స్థానాల్లో కొట్టుకుంటోంది. ఆరేళ్లలో, 1971 నాటికి, అది యూరప్ విజేత. అతని చేతిలో ఎదిగిన ఫార్వర్డ్ యొహాన్ క్రైఫ్ అయాక్స్ మైదానం పక్క సందులో పెరిగిన పిల్లవాడు. తండ్రి పోయాక తల్లి ఆ క్లబ్‌లోనే గదులు ఊడ్చి ఇల్లు నడిపింది. ఆ క్రైఫ్ లోకమంతా తిరిగి, 1985లో మళ్లీ అయాక్స్‌కే కోచ్‌గా వచ్చాడు. ఒక ఫార్వర్డ్ వయసు పదిహేనేళ్లు, ఒక గురువు వయసు ముప్పై ఏళ్లు. ఆమ్‌స్టర్‌డామ్ మొదటి పదిహేనేళ్లకు జీతమిచ్చి, ఆ తర్వాతి ముప్పై ఏళ్లను కూడా దక్కించుకుంది. మనం మొదటి పదిహేనేళ్లను కలకత్తాకు ఇచ్చేశాం. మిగిలిన ముప్పై కూడా వాటి వెంటే పోయాయి.

దీనికి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. ఇదంతా ఒక్క రహీమ్ మహిమ, ఆయన పోవడంతోనే అంతా పోయింది, ఇంకో కారణం వెతకడం ఎందుకు అని. నేను ఒప్పుకోను. ఆయన పోయాక 1963లోనే పోలీసు జట్టు మళ్లీ రోవర్స్ గెలిచింది, 1965లో రాష్ట్రం సంతోష్ ట్రోఫీ తెచ్చింది. హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, వీళ్లంతా ఆ తర్వాత పైకొచ్చినవాళ్లే. 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన కప్పు పంచుకున్న భారత జట్టుకు నాయకుడు మన షబ్బీర్ అలీ. గురువు పోయాక ఇరవై ఏళ్లపాటు వాగు నీళ్లు తెస్తూనే ఉంది. ఇటు చూస్తే 1971లో మిఖెల్స్ అయాక్స్‌ని వదిలి బార్సిలోనా వెళ్లిపోయాడు. ఆ తర్వాత 1972లోనూ 1973లోనూ యూరప్ కప్పు అయాక్స్‌కే వచ్చింది. మనిషి వెళ్లినా చదువు ఉండిపోయే చోటు ఒకటి కావాలి. ఆ చోటు వాళ్లకుంది.

క్రికెట్ మింగేసిందంటారు ఇంకొందరు. 1983 ప్రపంచకప్ తర్వాత పిల్లల చేతుల్లోకి బ్యాట్లు వచ్చాయన్నది నిజమే. అయితే హబీబ్ రైలెక్కింది 1966లో. కపిల్ దేవ్ కప్పు ఎత్తేనాటికే మన ముందు వరస అంతా వలస పోయింది. పైగా అదే క్రికెట్ కలకత్తాలోనూ గోవాలోనూ మలబారులోనూ ఉంది, అక్కడి ఫుట్‌బాల్ బతికే ఉంది. ఈ అభ్యంతరానికి ఇంతకంటే ఎక్కువ చోటు ఇవ్వను.

మైదానాలు పోయాయన్న మాట మాత్రం బరువైనది. మాసబ్ ట్యాంక్ గుండా రోజూ వెళ్లేవాళ్లకు అది కళ్లెదుటే ఉంది. చెరువు పోయి పార్కు, పార్కు చుట్టూ ఆఫీసులు, ఆస్పత్రి, పైన ఫ్లైఓవర్. ఈ నగరంలో పిల్లవాడు బంతి తన్నడానికి జాగా దొరక్కపోవడం నిజమైన కష్టం, దాన్ని తేలిగ్గా తీసేయలేను. అయినా అసలు కారణం అది కాదంటాను. అయాక్స్ పాత స్టేడియం డె మీర్‌ని కూడా 1996 తర్వాత కూల్చేసి ఇళ్లు కట్టేశారు. ఆ కాలనీలో వీధులకు ప్రపంచంలోని స్టేడియాల పేర్లు పెట్టారు, వంతెనలకు అయాక్స్ ఆటగాళ్ల పేర్లు పెట్టారు. మైదానం అక్కడా పోయింది, మనలాగే పేర్లు మిగిలాయి. కాకపోతే పిల్లలకు నేర్పే బడిని ఊరి ఇంకో వైపుకు ముందే మార్చుకున్నారు. స్థలం పోతే స్థలం వెతుక్కోవచ్చు. నేర్పేవాడు వేరే ఊరికి పోతే దొరికిన స్థలంలో గడ్డి మొలుస్తుంది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం ఇంకొకటుంది. ఉద్యోగాల ఏర్పాటును తప్పుపట్టడం న్యాయమా? తులసీదాస్ బలరాంనే చూడండి. సికింద్రాబాద్ శివార్లలో అమ్ముగూడ కుర్రవాడు, నగరానికి వచ్చి ప్రాక్టీసు చేయడానికి బండి ఖర్చులకు డబ్బులు లేవంటే అద్దె సైకిలుకు రహీమే డబ్బులిచ్చారు. అలాంటి ఇళ్ల పిల్లలకు నెలజీతం లేని ఆట ఒక జూదం. ఆ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టి, జబ్బు చేసి 1963లో ఇరవై ఏడేళ్లు రాకముందే బూట్లు విప్పాడు. కాలు విరిగినా, ఊపిరి ఆడకపోయినా పోలీసు కొలువు ఇల్లు నిలబెడుతుంది, క్లబ్ నిలబెట్టదు. ఇది పూర్తిగా నిజం. అందుకే నేను ఆ కొలువులను తప్పుపట్టడం లేదు. తప్పు ఎక్కడుందంటే, ఆ కొలువుల్లో ఫుట్‌బాల్ కోచ్ అనే కొలువు లేదు. ఆటగాడిని కానిస్టేబుల్‌గానో ఇన్‌స్పెక్టర్‌గానో పెట్టుకోవడానికి మార్గముంది. అతను ముప్పై అయిదేళ్లకు ఆట చాలించాక, ఇదిగో ఈ పాతికమంది పిల్లలు, ఇక నీ డ్యూటీ వీళ్లు అని అప్పజెప్పే మార్గం లేదు. రహీమ్‌కి అలాంటి బాధ్యత ఇచ్చి పదమూడేళ్లు నడిపించిన శాఖ, ఆ కుర్చీని ఆయనతోనే ఖాళీగా వదిలేసింది. వరుసగా ఐదు రోవర్స్ కప్పులు ఇచ్చిన కుర్చీ అది.

అందుకే హబీబ్ రెండో జీవితం ఇక్కడ గడవలేదు. టాటాలు 1987లో జంషెడ్‌పూర్‌లో ఫుట్‌బాల్ అకాడమీ పెట్టి, పిల్లలకు తిండీ చదువూ వసతీ ఇచ్చి, నేర్పడానికి హబీబ్‌ని పిలుచుకున్నారు. హల్దియాలో బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం అకాడమీ పెడితే అక్కడా కోచ్‌గా పనిచేశారు. వెనక్కి పరిగెత్తే ఫార్వర్డ్ ఎలా ఉండాలో, బంతి పోతే ఎందుకు సిగ్గుపడాలో జార్ఖండ్, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఆయన దగ్గర నేర్చుకున్నారు. నయీముద్దీన్ కలకత్తా క్లబ్బులకూ భారత జట్టుకూ నేర్పి 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. షబ్బీర్ అలీ గోవా క్లబ్ సాల్గావ్‌కర్‌ని 1998-99లో జాతీయ లీగ్ విజేతగా నిలిపారు. హైదరాబాద్ పేరున్న కోచ్ లేని పెద్ద క్లబ్ దేశంలో ఆ రోజుల్లో వెతికితే గాని దొరకదు. వాళ్లందరూ పుట్టిన ఊరికి మాత్రం అప్పట్లో అలాంటి అకాడమీ ఒక్కటీ లేదు. ఇక్కడే ఉండిపోయి బార్కస్‌లోనూ ఇంకొన్ని బస్తీల్లోనూ సొంత ఖర్చుతో పిల్లలకు నేర్పిన సీనియర్ ఆటగాళ్లు లేరని కాదు. వాళ్లు ఉండబట్టే పేరైనా మిగిలింది. కానీ వాళ్ల వెనక జీతమూ లేదు, సంస్థా లేదు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్ స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్. ఆయన గొప్పగా పనిచేశారు, ఆ రోజు ఈ ఊరంతా ఆనందించింది. రహీమ్ నడిచిన ఊళ్లో ఆ కుర్చీ కోసం మనవాడి పేరు ఒక్కటైనా తట్టకపోవడం మాత్రం నన్ను బాధిస్తుంది.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. వయసు డెబ్బై నాలుగు. చివరి ఏళ్లలో జ్ఞాపకాలు జారిపోయే జబ్బు ఆయన్ని పట్టుకుంది. ఆ తలలో ఉన్నదాన్ని ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఆయన కంటే ఆరు నెలల ముందు, ఫిబ్రవరిలో, బలరాం కూడా పోయారు, ఆయన పోయింది కలకత్తాలో.

మాసబ్ ట్యాంక్, విజయనగర్ కాలనీ, హుమాయూన్ నగర్ బడుల్లో పనిచేసే డ్రిల్లు మాస్టార్లకు ఈ భాగం చివర ఒక మనవి. ఈ డిసెంబర్ సెలవులకు ముందు, జాగా ఎంత చిన్నదైనా సరే, ఐదుగురేసి పిల్లలతో వాటంలేని కాలి పోటీ ఒకటి పెట్టండి. కుడికాలి వాడు కుడికాలితో తంతే బంతి అవతలి జట్టుకి ఇచ్చేయండి. నియమం రహీమ్ సాబ్‌ది, అనుమతి ఎవరినీ అడగక్కర్లేదు. మీ చుట్టుపక్కల సంతోష్ ట్రోఫీకో పోలీసు జట్టుకో ఆడిన పెద్దాయన ఉంటే వెళ్లి పిలవండి, ఒక కుర్చీ వేసి గీత దగ్గర కూర్చోబెట్టండి, పిల్లలకు ఏం చెబుతారో పక్కన నిలబడి రాసుకోండి. వచ్చే భాగం షబ్బీర్ అలీ గురించి.